నంబర్ 10 కుర్రాణ్ణి పిర్లోలా డిఫెన్స్ ముందుకి దింపాలంటే ఏం చూసుకోవాలి?

పెరంబూర్ ఆఫ్‌సైడ్

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక అండర్-16 జట్టుని చూసుకుంటున్నాను. పదకొండు మంది ఆట, పెద్ద గ్రౌండు. నంబర్ 10గా ఆడే కుర్రాడొకడున్నాడు. బంతి కాలికి అంటుకున్నట్టే ఉంటుంది, రెండు కాళ్లతోనూ పాస్ ఇస్తాడు, అవతల ఎవడు ఖాళీగా ఉన్నాడో అందరికంటే ముందు పట్టేస్తాడు. కానీ పరుగు లేదు. ఫార్వర్డ్‌ల వెనక నిలబెడితే ప్రత్యర్థి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ వచ్చి వీపుకి అతుక్కుంటాడు. వీడు బంతి అందుకుని తిరిగేలోపే అది పోతుంది.

వాణ్ణి ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లోలా కిందికి దించి నలుగురు డిఫెండర్ల ముందు ఆడిద్దామని ఆలోచన. పిర్లో కూడా మొదట్లో నంబర్ 10 అనే విన్నాను. అతని విషయంలో ఆ మార్పు ఎప్పుడు, ఎవరి చేతిలో, ఎందుకు జరిగింది? ఆ చోట ఆడేవాడితో ఏం సాధన చేయించాలి? ఎక్కడ బెడిసికొడుతుంది? ఫ్రీ కిక్ సంగతి కూడా ఎవరైనా విడమరిచి చెప్తే మేలు, వాడికి ఆ పిచ్చి ఉంది.

పిర్లో దేవుడు, వైన్ లాంటివాడు తరహా పొగడ్తలు వద్దు. పనికొచ్చేది చెప్పండి.

జెర్సీ 21

ముందు ఒక సవరణ. పిర్లోని డిఫెన్స్ ముందుకి దించింది ఏసీ మిలాన్ కోచ్ అన్సెలోటీ అని అందరూ అంటారు. దాన్ని మిలాన్‌లో స్థిరపరిచింది ఆయనే, కానీ మొదట చేసింది బ్రెషా కోచ్ కార్లో మజోనే, 2001లో.

ఎందుకు చేశాడో తెలియాలంటే అంతకుముందు జరిగింది చూడాలి. పిర్లో బ్రెషా జిల్లాలోని ఫ్లేరోలో 1979 మే 19న పుట్టాడు. బ్రెషా క్లబ్బులోనే పెరిగి, 1995 మేలో, పదహారేళ్లు నిండిన రెండు రోజులకే, ఇటలీ పెద్ద లీగ్ సీరీ ఆలో అడుగుపెట్టాడు. 1998లో ఇంటర్ మిలాన్ కొనుక్కుంది. అక్కడ ఫార్వర్డ్‌ల వెనక చోటుకి అప్పటికే రొబెర్టో బాజియో, జోర్కెయెఫ్ ఉన్నారు. కుర్రాడికి దక్కింది బెంచీ. 1999-2000 సీజన్‌కి రెజీనా క్లబ్బుకి అప్పు మీద పంపితే బాగా ఆడాడు. ఆ వేసవిలోనే అండర్-21 యూరో కప్పు ఇటలీ గెలిచింది, ఫైనల్లో చెక్ జట్టు మీద 2-1, రెండు గోల్సూ పిర్లోవే. అప్పటికి పక్కా నంబర్ 10. అయినా ఇంటర్‌కి తిరిగొస్తే మళ్లీ బెంచీయే.

2001 జనవరిలో బ్రెషాకి అప్పు మీద వచ్చాడు. చూస్తే నంబర్ 10 చొక్కా వేసుకుని అక్కడా బాజియోనే ఉన్నాడు! బాజియో 2000లోనే బ్రెషాకి మారాడు. బాజియోని పక్కన పెట్టే మాటే లేదు, పిర్లోని బయట కూర్చోబెట్టడం మజోనేకి ఇష్టం లేదు. దాంతో పిర్లోని ఓ ముప్ఫై మీటర్లు వెనక్కి జరిపి డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. ఫలితం 2001 ఏప్రిల్ 1న యువెంటస్ మీద మ్యాచ్‌లో కనిపిస్తుంది. 0-1తో వెనకబడ్డారు, ఆట ఆఖరికొచ్చింది. పిర్లో వెనకనుంచి తలెత్తి, డిఫెన్స్ మీదుగా పొడవాటి బంతి వేశాడు. బాజియో దాన్ని గాల్లోంచి దిగుతుండగానే ఒక్క టచ్‌తో అదుపు చేసి, అదే టచ్‌తో కీపర్ వాన్ డర్ సార్‌ని దాటేసి గోల్ కొట్టాడు. అందరూ ఆ టచ్ గురించే మాట్లాడతారు. మీ కుర్రాడికి మాత్రం పాస్ చూపించండి. బంతి వేసే సమయానికి పిర్లో దగ్గర ఎంత జాగా ఉందో, అతని మీదకి ఎవరైనా వచ్చారో లేదో చూడమనండి. వీపు మీద మనిషిని పెట్టుకుని ఆడే చోటునుంచి, ఆట మొత్తం ఎదురుగా కనిపించే చోటుకి వచ్చాడు. మీవాడికి కావలసిందీ అదే.

2001 వేసవిలో మిలాన్ కొంది. మొదటి ఏడాది నిలదొక్కుకోలేదు. సీజన్ కోచ్ ఫాతి తెరిమ్‌తో మొదలైంది, నవంబరులో అతని చోట అన్సెలోటీ వచ్చాడు. 2002లో అసలు మలుపు వచ్చింది. పైన చూస్తే రుయి కోస్టా ఉన్నాడు, కొత్తగా రివాల్డో, సీడార్ఫ్ వచ్చారు. కింద చూస్తే, ఏళ్లపాటు ఆ చోట ఆడిన అల్బెర్టిని అట్లెటికోకి వెళ్లిపోయాడు, రెడోండో మోకాలి దెబ్బతో మూలపడ్డాడు. పైన జనం ఎక్కువ, కింద ఖాళీ. పిర్లో అక్కడ కుదురుకున్నాడు, 2003లో ఛాంపియన్స్ లీగ్, 2004లో లీగ్, 2007లో మళ్లీ ఛాంపియన్స్ లీగ్.

మీరు గమనించాల్సింది ఇంకొకటి. ఆ జట్టులో పిర్లోకి కుడి పక్కన గట్టూసో, ఎడమ పక్కన సీడార్ఫ్. బంతి పోయిన మరుక్షణం ప్రత్యర్థి మీద పడే పని గట్టూసోది. కాలి కింద బంతి పెట్టుకుని ఒత్తిడిలోంచి బయటికొచ్చే పని సీడార్ఫ్‌ది. అందుకే పిర్లో తన చోట తాను ఉండగలిగాడు. పిర్లో ఒక్కణ్ణి దించితే అయ్యే పని కాదిది, అటూ ఇటూ ఉన్న ఇద్దర్నీ కలిపి దించాలి.

2011 సంగతి కూడా ఈ లెక్కలోదే. అప్పటి మిలాన్ కోచ్ అల్లెగ్రి డిఫెన్స్ ముందు వాన్ బొమ్మెల్ లాంటి బరువైన మనిషిని కోరుకున్నాడు, పిర్లోని పక్కకి జరిపాడు. కాంట్రాక్టు అయిపోయింది, మిలాన్ పైసా తీసుకోకుండా వదిలేసింది. 32 ఏళ్లవాడిని యువెంటస్ ఉచితంగా తెచ్చుకుని, ఒక పక్క విదాల్, ఇంకో పక్క మార్కీసియోని పెట్టింది. 2011-12లో 38 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా టైటిల్ కొట్టారు, తర్వాత ఇంకో మూడు వరసగా. మనిషి అదే, పక్కవాళ్లు మారారు.

మైదానం మామ

21 గారు చెప్పినదానికి కలుపుతున్నా. సాధన దగ్గరికి వద్దాం.

పరుగు లేదన్నారు. ఏ పరుగు లేదు? ఇరవై మీటర్ల దౌడు లేకపోతే పర్వాలేదు. తొంభై నిమిషాలు ఆగకుండా అటూ ఇటూ నాలుగడుగులు జరుగుతూ ఉండే ఓపిక లేకపోతే మాత్రం ఈ చోటు వద్దు. పిర్లో నడిచేవాడని అనుకోవడం టీవీ చూసేవాళ్ల భ్రమ. కెమెరా బంతి వెంట పోతుంది, అతను బంతికి దూరంగా చేసే జరుగుళ్లు కనబడవు. మీవాడు అలసిపోయి నిలబడిపోయే రకమైతే ముందు ఒంటి సత్తువ మీద పని చెయ్యండి.

సాధనలో మొదటిది, బంతి రాకముందు చూడడం. ఒక సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) దగ్గర్నుంచి ఇంకో సెంటర్ బ్యాక్‌కి బంతి పోతుండగా ఒకసారి, తన వైపు బయల్దేరుతుండగా ఇంకోసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. కుర్రాళ్లందరూ చేసే తప్పు బంతి కాలికొచ్చాక తలెత్తడం. అప్పటికే ఆలస్యం.

పద్ధతి ఇది. 18 మీటర్ల చదరం గియ్యండి. నాలుగు వైపులా రెండేసి మీటర్ల వెడల్పు గేట్లు, ఒక్కో గేటు వెనక వేరే రంగు బిబ్ వేసుకున్నవాడు. మధ్యలో మీ కుర్రాడు, ఒక మూలనుంచి బంతి వేసేవాడు. బంతి దారిలో ఉండగా గేట్ల వెనకున్న నలుగురిలో ఒకడు చెయ్యెత్తుతాడు. మీవాడు ఆ రంగు పేరు నోటితో చెప్పి, రెండు టచ్‌లలో ఆ గేటులోంచి పంపాలి. 45 సెకన్లు పని, 45 సెకన్లు విరామం, ఆరు నుంచి ఎనిమిది సార్లు. వారం తర్వాత లోపలికి ఒక డిఫెండర్‌ని వదలండి. మొదటి రోజే డిఫెండర్‌ని పెడితే వాడు చూడ్డం మానేసి బంతిని కాపాడుకోవడంలో పడతాడు, ఈ డ్రిల్ ప్రయోజనమే పోతుంది.

రెండోది ఒంటి వాటం. బంతి ఇచ్చేవాడికి ఎదురుగా ఛాతీ మొత్తం చూపిస్తూ నిలబడితే వెనక్కి తప్ప పాస్ ఉండదు. ఒక భుజం ఇచ్చేవాడి వైపు, ఇంకో భుజం ప్రత్యర్థి గోల్ వైపు పెట్టి, దూరంగా ఉన్న కాలితో అందుకోవాలి. ఎడమనుంచి బంతి వస్తే కుడికాలు. పిర్లో మొదటి టచ్ ఎక్కువగా ఇలాగే ఉండేది, బంతి ఆగేసరికే ఆట ఎదురుగా ఉండేది.

మూడోది, ఎక్కడ నిలబడాలి? సెంటర్ బ్యాక్‌లకి ఎనిమిది నుంచి పన్నెండు మీటర్ల ముందు. అంతకంటే దగ్గరికొస్తే మూడో సెంటర్ బ్యాక్ అయిపోతాడు, మధ్యలో పెద్ద గుంట పడుతుంది. ప్రత్యర్థి ఫార్వర్డ్ వెనక నీడలో నిలబడకూడదు, అయిదారు మీటర్లు పక్కకి జరగాలి. ఫార్వర్డ్ వెంట వస్తే ఇంకా మంచిది, సెంటర్ బ్యాక్‌కి ముందుకి రావడానికి దారి దొరుకుతుంది.

ఏటవాలు పొడవాటి పాస్‌కి ఈ వయసులో 30 నుంచి 35 మీటర్లు చాలు. అవతల అయిదు మీటర్ల చదరం పెట్టి, ఒక్కో కాలితో పది. ఆనించే కాలు బంతికి పక్కన, ఒక జానెడు ఎడంగా. మరీ వెనక్కి వాలితే బంతి ఆకాశంలోకి పోయి నిదానంగా దిగుతుంది, అవతలి ఫుల్ బ్యాక్ (అంచు డిఫెండర్) తీరిగ్గా వచ్చి తల పెడతాడు. అస్సలు వాలకపోతే మొదటి డిఫెండర్ నడుముకి తగులుతుంది. ఎంత వాలాలో కొట్టి కొట్టి తెలుసుకోవాల్సిందే.

చెన్నైలో అసలు ఇబ్బంది వేరే ఉంది. పిల్లలు వారమంతా నెట్లు కట్టిన టర్ఫుల్లో సెవెన్స్ (ఏడుగురి ఆట) ఆడుతుంటారు. అక్కడ 30 మీటర్ల పాస్ వేస్తే నెట్‌కే. వెనకనుంచి ఆట నడిపే అలవాటు అక్కడ రాదు, సరికదా ఉన్నది పోతుంది. వ్యాసార్పాడి వైపు పిల్లల కాళ్లలో పనితనం ఎంతున్నా పెద్ద గ్రౌండులో దూరాలు తెలియక తడబడేది ఇందుకే. వారానికి రెండు రోజులైనా పూర్తి గ్రౌండు సంపాదించండి. దొరక్కపోతే సగం గ్రౌండుని నిలువుగా కాక అడ్డంగా వాడండి, కనీసం వెడల్పు మొత్తం దక్కుతుంది.

వీపు మీద పార్క్

ఎక్కడ బెడిసికొడుతుందో నేను చెప్తా. ఈ చర్చ మొత్తంలో మీరు ప్రింటు తీసి పెట్టుకోవాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం, ఏమనుకోకండి.

2010 ఛాంపియన్స్ లీగ్, మిలాన్ వర్సెస్ మాంచెస్టర్ యునైటెడ్. యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ తన రన్నింగ్ యంత్రం పార్క్ జీ సుంగ్‌ని పిర్లో మీదకి వదిలాడు. బంతితో పార్క్‌కి పని లేదు, పిర్లో ఎటు పోతే అటు. శాన్ సిరోలో యునైటెడ్ 3-2, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 4-0. మిలాన్‌కి ఇంకో దారి లేదు, ఆట మొదలయ్యే కుళాయి ఒక్కటే, దాన్ని కట్టేశారు.

2013లో బయర్న్ మ్యూనిక్ యువెంటస్ మీద ఇంచుమించు అదే చేసింది. మాంజుకిచ్ లాంటి సెంటర్ ఫార్వర్డ్‌ని కూడా డిఫెండర్లని వదిలి పిర్లో మీదకి పంపారు. రెండు మ్యాచ్‌లూ 2-0తో బయర్నే గెలిచింది.

అలాగని విరుగుడు లేకపోలేదు. యువెంటస్‌లో కోచ్ కోంతే వెనక ముగ్గురు డిఫెండర్లని పెట్టి, మధ్యలో బొనూచీని నిలబెట్టాడు. బొనూచీ సెంటర్ బ్యాక్ అయినా పొడవాటి పాస్ వెయ్యగలడు. పిర్లో మీద ఒకడు అతుక్కుంటే పిర్లో వాణ్ణి తీసుకుని పక్కకి పోయేవాడు, మధ్యలో తెరుచుకున్న దారిలోంచి బొనూచీ బంతి వేసేవాడు. ఇటలీ లీగ్‌లో చాలా జట్లు దీనికి జవాబు దొరక్క చేతులెత్తేశాయి. కాబట్టి మీ కుర్రాడితో పాటు ఒక సెంటర్ బ్యాక్‌కి కూడా అదే 30 మీటర్ల పాస్ నేర్పించండి. రెండో కుళాయి లేకుండా ఈ పద్ధతి మొదలెట్టొద్దు.

అతుక్కునేవాణ్ణి ఎలా వాడుకోవాలో 2014 ప్రపంచ కప్‌లో మనౌస్‌లో ఇంగ్లండ్ మీద మ్యాచ్ చూపిస్తుంది. కార్నర్‌ని పొట్టిగా ఆడారు, బంతి బాక్స్ బయట పిర్లో వైపు వచ్చింది. అందుకుంటాడని ఇంగ్లండ్ ఆటగాడు మీదకి ఉరికాడు. పిర్లో కాలు ఆడించినట్టే ఆడించి బంతిని రెండు కాళ్ల మధ్యనుంచి వదిలేశాడు. వెనక మార్కీసియో ఖాళీగా ఉన్నాడు, దూరంనుంచి నేలబారుగా కొట్టాడు, గోల్. పిర్లో బంతిని ముట్టుకోనే లేదు.

ఇక బంతి పోయినప్పుడు. మీవాడు ట్యాక్లింగ్‌కి దిగకూడదు. దిగి తప్పితే వెనక ఎవరూ ఉండరు. వాడి పని ఒకటే, బంతికీ ప్రత్యర్థి సెంటర్ ఫార్వర్డ్ కాళ్లకీ మధ్య గీతలో నిలబడి, పాస్‌ని పక్కకి మళ్లించడం. పడగొట్టే పని పక్కవాళ్లది.

పెరంబూర్ ఆఫ్‌సైడ్

చాలా థాంక్స్ అందరికీ. ఒక చిక్కు. మేం ఆడేది 4-4-2, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు. మధ్యలో ఇద్దరే. ఒకడు అచ్చం గట్టూసో రకం, పరిగెత్తుతాడు, కొరుకుతాడు. రెండోవాడి చోటులో ఈ కుర్రాణ్ణి పెడితే సరిపోతుందా, లేక ముగ్గురు ఉండి తీరాలా?

జెర్సీ 21

మామూలుగా ముగ్గురు కావాలి. గ్రౌండు వెడల్పు 64 మీటర్లనుకుంటే ఇద్దరు చెరి 32 కాసుకోవాలి, మీవాడి కాళ్లకి అది మోయలేని బరువు.

కానీ ఒక మినహాయింపుంది, అదీ మామూలుది కాదు, 2006 ప్రపంచ కప్. ఇటలీ కోచ్ లిప్పి ఆడించింది చూడడానికి దాదాపు మీ పద్ధతే. మధ్యలో పిర్లో, గట్టూసో ఇద్దరే. కుడి అంచున కమొరనేసి, ఎడమ అంచున పెరోట్టా, పైన టోనీ, అతని వెనక టొట్టి. ఇది నిలబడింది పెరోట్టా వల్ల. అతను వింగర్ కాదు, అసలు సెంట్రల్ మిడ్‌ఫీల్డరే. బంతి పోగానే అంచు వదిలేసి లోపలికి దూరేవాడు, కాగితం మీద ఇద్దరు, గ్రౌండులో ముగ్గురు. ఎడమ అంచుని గ్రోసో వెనకనుంచి పరిగెత్తి నింపేవాడు.

మీ దగ్గర కూడా ఒక అంచున డ్రిబ్లింగ్ చేసేవాణ్ణి తీసేసి, లోపలికొచ్చే ఓపికున్న మిడ్‌ఫీల్డర్‌ని పెట్టండి. ఆ వైపు ఫుల్ బ్యాక్‌కి ఊపిరితిత్తులు గట్టివి కావాలి. ఫార్వర్డ్‌లలో ఒకడు కిందికి దిగి ప్రత్యర్థి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని పట్టుకోవాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా 4-3-1-2కి మారిపోవడమే మేలు.

ఆ టోర్నీ సెమీఫైనల్ ఒకసారి చూడండి. జూలై 4, డార్ట్‌మండ్, జర్మనీ మీద. 119వ నిమిషం, 0-0. జర్మన్లు తల పెట్టి బయటికి తోసిన కార్నర్ బంతి బాక్స్ అంచున పిర్లోకి వచ్చింది. ఎవడైనా కొట్టేస్తాడు. పిర్లో కొట్టలేదు. బాక్స్ గీత వెంట అడ్డంగా బంతిని దొర్లించుకుంటూ పోయాడు. కొడతాడేమోనని డిఫెండర్లు ఒక్కొక్కరే అటు జరిగారు. సందు తెరుచుకునేదాకా ఆగి, ఆ వైపు చూడకుండానే కుడివైపు గ్రోసోకి జార్చాడు. గ్రోసో ఎడమకాలితో తిప్పి కొట్టాడు. ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు తన మీదకి వచ్చేదాకా ఆగడమే ఆ పాస్‌లో సగం పని. మీవాడికి నంబర్ 10 అలవాట్లు ఉన్నాయి కాబట్టి ఇది త్వరగా అబ్బుతుంది.

గాలి తక్కువ బంతి

ఫ్రీ కిక్ అడిగారుగా. నా పేరు చూసి నవ్వకండి, మొదటి మాట అదే. బంతిలో గాలి చూసుకోండి. అయిదో నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ మధ్య ఉండాలని నియమం. మన దగ్గర సాధన బంతులు సగం దిగిపోయి ఉంటాయి. దిగిన బంతి కాలికి ఎక్కువసేపు అంటుకుంటుంది, మ్యాచ్ రోజు గట్టి బంతి దొరకగానే కుర్రాడి లెక్కంతా తప్పి గ్రౌండు గోడ మీదుగా రోడ్డు మీద పడుతుంది. పదికి పైన పెట్టి, రోజూ అదే ఉంచండి.

సీరీ ఆలో ఫ్రీ కిక్ నుంచి నేరుగా కొట్టిన గోల్స్ పిర్లోవి 26, అతని కంటే పైన మిహైలోవిచ్ ఒక్కడే, 28. పిర్లో రెండు రకాలు కొట్టేవాడు. ఒకటి పాదం లోపలి వైపుతో, డిఫెండర్లు వరసగా కట్టిన గోడ మీదుగా తిప్పి దించేది. 2012 యూరోలో క్రొయేషియా మీద కొట్టినది ఆ కోవదే. రెండోది, బ్రెజిల్ ఆటగాడు జూనిన్యో దగ్గర చూసి నేర్చుకున్నది, తిరగకుండా పోయి చివర్లో ఊగి పడేది. బంతి అడుగునుంచి, మొదటి మూడు కాలి వేళ్లతో తగలాలని పిర్లోయే చెప్పాడు.

లెక్క చూడండి. 24 మీటర్ల నుంచి కొడుతున్నారు. గోడ 9.15 మీటర్ల దూరంలో. ఎగిరిన గోడని దాటాలంటే అక్కడ బంతి దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తులో ఉండాలి. క్రాస్‌బార్ 2.44. అంటే గోడ దాటిన తర్వాత ఉన్న 15 మీటర్లలో పైకెక్కి మళ్లీ దిగి రావాలి. నెమ్మదిగా కొడితే దిగుతుంది కానీ కీపర్ అందుకుంటాడు. గట్టిగా కొడితే దిగదు. ఈ రెండింటి మధ్య దారి దొరకాలంటే బంతికి తిప్పుడు ఇవ్వాలి, లేదా అసలు తిప్పుడే లేకుండా కొట్టాలి.

మీ కుర్రాడికి మొదట తిప్పేదే నేర్పండి. నాలుగైదు అడుగుల పరుగు, బంతికి ఏటవాలుగా. ఆనించే కాలి మడమ బంతికి సరిసమానంగా. బొటనవేలి మొదట్లో ఉండే ఎముక తగలాలి, బంతి మధ్యగీతకి కాస్త కిందా, కాస్త బయటా. కొట్టాక కాలు ఎదుటి భుజం వైపు పూర్తిగా పోనివ్వాలి.

తిప్పుడు లేనిది తర్వాత. దీనికి తగలాల్సింది నడిమధ్యకి ఒక వేలు కింద, చీలమండ బిగించి, కొట్టగానే కాలు ఆపెయ్యాలి. బంతి గోల్ చేరేలోపు ఒక చుట్టుకంటే తక్కువే తిరగాలి. తిరుగుతోందో లేదో తెలియడానికి బంతి మీద స్కెచ్ పెన్‌తో నల్లగీత గీసి, వెనకనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తియ్యండి. గీత పక్కకి తిరిగితే పాదం అడ్డంగా పోయింది, వెనక్కి తిరిగితే మరీ అడుగున తగిలింది.

రోజుకి 15 నుంచి 20, అంతే. అదీ ఒళ్లు వేడెక్కాక, సాధన చివర్లో కాదు. అలసిన కాలితో కొడితే గజ్జల్లో, తొడ ముందు భాగంలో కండరం పట్టేస్తుంది. ఎదిగే వయసు కాబట్టి మోకాలిచిప్ప కింద నొప్పి అంటే ఆ వారం కిక్కులు బంద్, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి.

మెరీనా మిడ్‌ఫీల్డ్

ఫ్రీ కిక్ మోజులో కార్నర్ మర్చిపోతున్నారు. అండర్-16లో గోల్స్ వచ్చేది అక్కణ్ణుంచే. మన చెన్నైయిన్ ఎఫ్‌సీకి 2015లో ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన కోచ్ మెటెరాజీ ఉన్నాడే, 2006 ఫైనల్లో ఫ్రాన్స్ మీద అతను తలతో కొట్టిన గోల్ పిర్లో కార్నరే. కుడి మూలనుంచి కుడికాలితో, అంటే బంతి గోల్‌కి దూరంగా వంగుతూ వస్తుంది. కీపర్ బయటికి రావాలా వద్దా అని ఊగిసలాడే చోట, ఆరు గజాల పెట్టెకి బయట. మెటెరాజీ వెనకనుంచి పరుగెత్తుకొచ్చి వియెరా మీదనుంచి లేచాడు. మీవాడికి గుర్తుగా అక్కడ, గోల్‌కి ఏడెనిమిది మీటర్ల దూరంలో, ఎత్తైన కోన్ పెట్టి, దాని తల మీదనుంచి పొమ్మనండి. మనిషిని చూసి వెయ్యొద్దు, చోటు చూసి వెయ్యాలి. అక్కడికి చేరడం మనిషి బాధ్యత.

వీపు మీద పార్క్

పెనాల్టీలు కూడా వాడికే ఇస్తారేమో, ఒక్క మాట. 2012 యూరో క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద పిర్లో మెత్తగా మధ్యలోకి లేపి వేసిన చిప్ చూసి పిల్లలంతా అదే వేస్తామంటారు. ఇటలీ అప్పటికి షూటౌట్‌లో వెనకబడి ఉంది, కీపర్ హార్ట్ గోల్ గీత మీద గంతులేస్తున్నాడు, ముందే ఒక పక్కకి దూకుతాడని పిర్లో పసిగట్టాడు. కీపర్ కదలకుండా నిలబడే రకమైతే అది చేతిలో పెట్టినట్టే. ఇదే పిర్లో 2005లో ఇస్తాంబుల్ ఫైనల్లో కొట్టిన పెనాల్టీని డూడెక్ ఆపాడు, 3-0 ఆధిక్యం పోగొట్టుకున్న రాత్రి.

పెరంబూర్ ఆఫ్‌సైడ్

సరే, వచ్చే వారంనుంచి మొదలెడతాను. ఎడమ అంచున లోపలికొచ్చే కుర్రాడొకడు దొరికాడు, 4-4-2లోనే ప్రయత్నిస్తా. మ్యాచ్‌లో పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? పాస్‌లు లెక్కపెట్టాలా?

మైదానం మామ

మొత్తం పాస్‌లు లెక్కపెట్టకండి, సెంటర్ బ్యాక్‌కి పక్కపాస్‌లు వేసి నంబరు పెంచుకుంటాడు. బెంచీ మీద ఒక కుర్రాడికి కాగితం ఇచ్చి మూడు గీతలు గియ్యమనండి. బంతి అందుకున్నప్పుడు ముఖం ప్రత్యర్థి గోల్ వైపు ఉంటే ఒక గీత, వెనక్కి ఉంటే ఇంకో గీత. ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్ వరస దాటించిన ప్రతి పాస్‌కి మూడోది. మన సగంలో బంతి పోగొట్టుకున్నవి విడిగా రాయించండి, నిమిషంతో సహా. అవన్నీ సెకండ్ హాఫ్ చివర్లోనే పడుతుంటే సమస్య ఓపికది. ఆట మొత్తం పరుచుకుని ఉంటే భుజం మీదుగా చూడడం లేదన్నమాట, 18 మీటర్ల చదరంలోకి తిరిగి పంపండి. ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పొద్దు, కనీసం నాలుగైదు కానివ్వండి. అందులో ఒకటైనా వాడి మీద మనిషిని అతికించే జట్టుతో పడేట్టు చూసుకోండి.